అన్ని స్టాపుల్లో ఆగే ఎక్స్‌ప్రెస్

డిపోలో అతని అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు. అందరి నోటా ఎక్స్‌ప్రెస్. అలాగని అతను నడిపేది దూరాభారాలు పోయే బండి కాదు. మిల్లు గేటు దగ్గర బయలుదేరి, ఊరి నడుమ నుంచి పాక్కుంటూ పోయి, నది ఒడ్డున స్టేడియం దగ్గర ఆగిపోయే ఆర్డినరీ బస్సు. సందుకో స్టాపు, మలుపుకో స్టాపు. అలాంటి బండికి అలాంటి పేరున్న డ్రైవరు ఎలా దొరికాడో ముందు చెప్పాలి. ఆ ముక్క తెలియకపోతే అతని ఎడమ పిక్క సంగతి కూడా మీకు సరిగ్గా తెలియదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో అతనికొక జబ్బు ఉండేది. బండి ఊపు అందుకుంటే ఆపబుద్ధి అయ్యేది కాదు. ముందు రోడ్డు ఖాళీగా ఉండి, ఇంజను హాయిగా గుర్రుమంటుంటే, స్టాపులో చెయ్యెత్తి నిలబడ్డ జనం అతని కంటికి ఆనేవారు కాదు. వెనక నుంచి కండక్టరు గొంతు చించుకున్నా ఆ మాట చెవి దాకా వచ్చి బయటే కూర్చునేది. ఫిర్యాదులు మేనేజరు బల్ల మీద పేరుకుపోయాయి. ఒకరి తరవాత ఒకరు కండక్టర్లు ఆ మహానుభావుడికో దణ్ణం పెట్టి వేరే రూట్లకి మారిపోయారు. చివరికి మేనేజరు విసిగిపోయి అక్కని ఆ బస్సులో వేశాడు.

అక్క అంటే తోడబుట్టినదేమీ కాదు. డిపోలో అందరికీ ఆవిడ అక్కే, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ వాళ్ళకి కూడా. వయసులో ఎక్స్‌ప్రెస్ కన్నా నాలుగేళ్ళు పెద్ద, మాటలో నలభై ఏళ్ళు పెద్ద. మొదటి రోజు ఆసుపత్రి స్టాపు దగ్గర "హోల్డాన్" అని ఒక్కసారే చెప్పింది. అతను మామూలుగానే దాటించేసి, పక్క వీధి మలుపులో ఎప్పటికో ఆపాడు. ఆవిడ కేకలెయ్యలేదు. తాపీగా ముందుకొచ్చి, ఒక పెద్దాయన్ని చెయ్యి పట్టుకుని డ్రైవరు పక్కన నిలబెట్టింది.

"తమ్ముడూ, ఈయన దిగాల్సింది వెనక స్టాపులో. మోకాళ్ళ నొప్పులట పాపం. నువ్వే నడిపించుకెళ్ళి దింపి రా. తొందరేం లేదు, మేమంతా ఇక్కడే కూర్చుంటాం."

బస్సంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తుండగా, అతను పెద్దాయన సంచీ భుజాన వేసుకుని వెనక్కి నడిచాడు. మళ్ళీ అంత దూరం ఒంటరిగా తిరిగొచ్చాడు. ఆ నడకతో జబ్బు కుదిరింది. ఆ తరవాత అక్క నోట్లోంచి "హోల్డాన్" అన్న మాట సగం బయటికొచ్చేసరికే అతని ఎడమ కాలు క్లచ్చు మీద, కుడి కాలు బ్రేకు మీద పడేవి. "రైట్, రైట్" అంటే చెయ్యి గేరు మీద ఉండేది. బుర్రకి ఆ కబురు తీరిగ్గా తరవాత చేరేది. జబ్బు పోయింది కానీ పేరు పోలేదు. పేర్లు అంతే, మనిషి మారాడని వాటికెవరూ చెప్పరు.

అలా ఇరవై ఏళ్ళు గడిచాయి. ఆ ఇరవై ఏళ్ళూ పక్క అద్దంలో అతను బస్సు కోసం పరుగెత్తేవాళ్ళని చూశాడు. చెప్పులు చేతపట్టుకుని పరుగెత్తేవాళ్ళు, చంటిబిడ్డని చంకనేసుకుని పరుగెత్తేవాళ్ళు, ఆఫీసు సంచీతో నెత్తి మీద వాన కాచుకుంటూ పరుగెత్తేవాళ్ళు. తను మాత్రం ఎప్పుడూ పరుగెత్తి ఎరగడు. ఇంటి నుంచి డిపోకి సైకిలు, డిపో నుంచి స్టేడియానికి సీటు. పొట్ట నెమ్మదిగా స్టీరింగుతో స్నేహం మొదలుపెట్టింది.

ఒక సెలవు రోజున అతనే స్టాపుకి ఆలస్యంగా చేరాడు. బస్సు అప్పుడే కదిలింది. దాన్ని నడిపేది హారన్ బాబాయి. డిపోలో అందరికన్నా సీనియరు, దారిన పోయే పిల్లి కనిపించినా, మబ్బు కనిపించినా హారన్ కొట్టే మనిషి. బాబాయి అద్దంలో చూశాడు, గుర్తుపట్టాడు, నవ్వాడు, ఆపలేదు. ఎక్స్‌ప్రెస్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. వెనకపడ్డాడు. మార్కెట్టు స్టాపులో అందినట్టే అంది జారిపోయింది. కోర్టు స్టాపులోనూ అంతే. మూడో స్టాపులో, ఎవరో ముసలమ్మ కూరల బుట్టతో దిగడానికి పట్టిన ఆలస్యం పుణ్యమా అని, కడ్డీ చేతికి చిక్కింది.

"ఏరా అబ్బాయ్, పిక్కబలం బాగానే ఉందే" అన్నాడు బాబాయి.

బస్సంతా గొల్లున నవ్వింది. అతనికి కోపం రాలేదు. ఒళ్ళంతా చెమట, చొక్కా వీపుకి అంటుకుపోయింది, గుండె గొంతులో కొట్టుకుంటోంది. సంతోషంగా ఉంది. ఊరికే, కారణం లేకుండా, చిన్నపిల్లాడికి ఉన్నట్టు సంతోషంగా ఉంది. ఇంత సుఖం తన ఒంట్లోనే ఉండగా ఇన్నేళ్ళూ కుర్చీకి అంటుకుపోయానే అనుకున్నాడు. మర్నాడు పొద్దున్న డ్యూటీకి ముందు, ఎవరూ తరమకుండానే మిల్లు చుట్టూ పరుగెత్తాడు.

"నలభై ఆరో ఏట మా ఆయనకి కాళ్ళొచ్చాయి" అని అతని భార్య కొట్లో చెప్పుకుని నవ్వింది. ఆవిడ కళ్ళద్దాల కొట్లో పనిచేస్తుంది. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆవిడ పని, ఎవరి చూపులో ఏ లోపముందో ఇట్టే పసిగట్టడం ఆవిడ అలవాటు.

ఆ ఊళ్ళో ఏడాదికోసారి మారథాన్ జరుగుతుంది. మిల్లు గేటు దగ్గర మొదలై, బస్సు వెళ్ళే దారినే ఊరు దాటి, పాత వంతెన మీదుగా అవతలి ఒడ్డంతా చుట్టి, మళ్ళీ వంతెనెక్కి స్టేడియంలో ముగుస్తుంది. దారి వివరం చదవగానే ఎక్స్‌ప్రెస్ గుండె పొంగింది. నా రూటు కదా అనుకున్నాడు. ఆ రోడ్డులో ఏ గుంత ఎక్కడుందో, ఏ ఎత్తుకి ఏ గేరు వెయ్యాలో అతనికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? పేరిచ్చేశాడు.

మొదటి ఏడు సగం దూరం గాలిలో తేలాడు. అవతలి ఒడ్డున, ఎడమ పిక్క మీద ఎవరో రాయి పెట్టి కొట్టినట్టయింది. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు. కుంటుకుంటూ నాలుగడుగులు వేసి రోడ్డు పక్కన కూలబడ్డాడు. పరుగు సాగని వాళ్ళని ఎక్కించుకోవడానికి ఆఖరి మనిషి వెనకాలే ఒక బస్సు వస్తుంది. ఆ బస్సు వాళ్ళ డిపోదే. నడిపేది హారన్ బాబాయి.

"రా నాయనా, ముందు సీటు నీకే" అని బాబాయి అతన్ని ఎక్కించి, స్టేడియం దాకా హారన్ కొట్టుకుంటూ ఊరేగించాడు. జీవితమంతా జనాన్ని ఎక్కించుకున్న డ్రైవరు, సొంత రూట్లో, సొంత డిపో బస్సులో సామానులా దిగాడు. రెండో ఏడూ అదే. కాకపోతే ఈసారి పిక్క తిరుగు దారిలో వంతెన మీద తెగబడింది, బాబాయి హారన్ ఇంకాస్త ఎక్కువసేపు కొట్టాడు. ఆ సాయంత్రం ఎక్స్‌ప్రెస్ కాలు దిండు మీద పెట్టుకుని గోడకేసి చూస్తూ ఒట్టేసుకున్నాడు. చచ్చినా మూడోసారి ఆ బస్సెక్కను.

ఒట్టు వెయ్యడం తేలిక, పిక్కని ఒప్పించడమే కష్టం. వారాల తరబడి విశ్రాంతి ఇస్తే నొప్పి పోయేది. పోగానే అతను మళ్ళీ మిల్లు చుట్టూ అదే ఊపులో పరుగెత్తేవాడు. మళ్ళీ అదే పిక్క, అదే చోట. గడప దిగుతుంటే పట్టేసేది, మంచం దిగుతుంటే పట్టేసేది.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అంది భార్య, వేడినీళ్ళ సంచీ అందిస్తూ. తరవాత అతన్ని స్కూటరు వెనక ఎక్కించుకుని ఫిజియోథెరపీ గదికి లాక్కుపోయింది.

చిన్న గది. నేల మీద నీలం చాప, గోడ మేకులకి రంగురంగుల రబ్బరు పట్టీలు, మూలన ప్లాస్టిక్ ఎముకల కాలొకటి ఎవరో మరిచిపోయిన గొడుగులా నిలబడి ఉంది. ఫిజియో అమ్మాయికి పట్టుమని పాతికేళ్ళు ఉండవు. అతన్ని మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబెట్టి, మునివేళ్ళ మీద పైకి లేవమంది. కుడి కాలు దర్జాగా లేచింది. ఎడమ కాలు సగం దాకా లేచి వణికి కూర్చుంది.

"రోజంతా క్లచ్చు తొక్కే కాలు కదా అంకుల్, బలముంటుందనుకుంటారు అందరూ. తొక్కడం వేరు, లేవడం వేరు. ఇది తొక్కీ తొక్కీ బిగుసుకుపోయింది" అంది ఆ అమ్మాయి. తరవాత వరండాలో అటూ ఇటూ పరుగెత్తించి చూసింది. "మధ్యలో ఎందుకు ఆగరు మీరు?"

"నొప్పొస్తే ఆగుతాను కదమ్మా."

"నొప్పొచ్చాక ఆగడం కాదు, రాకముందే ఆగాలి. కాసేపు పరుగు, కాస్త నడక, మళ్ళీ పరుగు. మొదటి నుంచి చివరి దాకా అంతే. ఒంట్లో ఎంత హుషారుగా ఉన్నా సరే."

"పందెంలో నడవమంటారా?" అన్నాడు అతను, దొంగతనం చెయ్యమన్నట్టు.

ఆ అమ్మాయి ఇంకో సంగతి కూడా నేర్పింది. పిక్క పట్టేస్తే కంగారు పడకుండా గోడకి చేతులానించి సాగదీసి, ఒంటికాలి మీద లేచి చూసుకోవాలి. కాలు లేస్తే అది ఉత్త పట్టు, నిదానంగా సాగిపోవచ్చు. రాయితో కొట్టినట్టయి, కాలు లేవకపోతే కండ చిరిగినట్టు, ఇక ఒక్క అడుగు కూడా వెయ్యకూడదు. అతను మడమలెత్తే కసరత్తులు శ్రద్ధగా చేశాడు, వంటింటి గట్టు పట్టుకుని, స్నానాల గదిలో, బస్సు ఆఖరి స్టాపులో ఆగినప్పుడు మెట్టు మీద. కాలు బలపడింది. కానీ ఆగడం మాత్రం రాలేదు. కూతవేసే గడియారం కొనుక్కున్నాడు. అది కూసేది, ఇతను పరుగెత్తేవాడు. మంచి ఊపులో ఉన్నాను, ఈసారికి పోనీ అనుకునేవాడు. అలా పోనీ పోనీ అంటూ ఓ ఉదయం మళ్ళీ పట్టేయించుకుని ఇంటికొచ్చాడు.

"పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలంటారు. మీకు రెండూ అక్కర్లేదు. పరుగెత్తి పడిపోవాలి" అంది భార్య. ఈసారి ఆవిడ నవ్వలేదు. ఆయన పరుగు నుంచి తిరిగొచ్చే పొద్దుల్లో ఇల్లంతా ఎంత తేలిగ్గా ఉంటుందో ఆవిడకి తెలుసు. పడిపోయిన పొద్దుల్లో ఎంత బరువుగా ఉంటుందో కూడా తెలుసు.

సంగతి అక్కకి ఎవరూ చెప్పలేదు. బస్సే చెప్పింది. గేరు మారినప్పుడల్లా బండి దగ్గుతుంటే, వెనక కడ్డీ పట్టుకుని నిలబడ్డ అక్క మూడు స్టాపులు గమనించి, ఆఖరి స్టాపులో టీ తాగుతూ అడిగింది.

"మళ్ళీ పిక్కేనా?"

అతను తల వంచుకున్నాడు. అక్క ఆ సాయంత్రమే వాళ్ళింటికెళ్ళి అతని భార్య పక్కన కూర్చుంది.

"మీ ఆయన ఎవరి మాటా వినడమ్మా. నా మాట కూడా వినడు. అతని కాళ్ళు వింటాయి."

ఇద్దరాడవాళ్ళూ కలిసి ఆలోచిస్తే ఏమవుతుందో అదే అయింది. వారాంతపు సెలవు రోజున, పొద్దున్నే, మిల్లు గేటు దగ్గర ఒక విచిత్రమైన బస్సు బయలుదేరింది. స్కూటరు నడిపేది భార్య. వెనక సీట్లో, సంచీ ఒళ్ళో పెట్టుకుని, దర్జాగా అక్క. వాళ్ళకి ముందు, పాత నిక్కరూ కొత్త బూట్లతో ఎక్స్‌ప్రెస్. "రైట్, రైట్" అంది అక్క. అతని కాళ్ళు వాటంతటవే కదిలాయి. హాయిగా సాగుతోంది. మార్కెట్టు దగ్గరికొచ్చింది. అక్క అలవాటు కొద్దీ గట్టిగా అరిచింది.

"హోల్డాన్."

అతని రెండు కాళ్ళూ ఒక్కసారిగా నేలకి తన్నుకున్నాయి. ఎడమది క్లచ్చు కోసం, కుడిది బ్రేకు కోసం. రోడ్డు మీద ఆ రెండూ లేవన్న సంగతి కాళ్ళకి తెలియదు కదా. ఒళ్ళు ముందుకు పోయింది, పిక్క వెనకే ఉండిపోయింది. మనిషి కూరగాయల తోపుడు బండి మీద బోర్లా వాలాడు. భార్య సడన్ బ్రేకు వేస్తే అక్క వచ్చి ఆవిడ వీపుకి గుద్దుకుంది. టమాటాలు రోడ్డంతా దొర్లాయి.

ఫిజియో అమ్మాయి ఈ కథ విని ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, తరవాత ఆగలేక చాప మీద కూర్చుని నవ్వింది. "ఇలాంటి దెబ్బ నేను చదువుకున్న పుస్తకాల్లో లేదంకుల్" అంది. అదృష్టం బాగుండి కండ చిరగలేదు. కొన్నాళ్ళు ఆగమంది. పద్ధతి మాత్రం మానొద్దంది. "ఆపే ముందు నెమ్మదించాలి. అంతే తేడా. మీ అక్కగారికి చెప్పండి."

అక్కకి ఒకరు చెప్పాలా. బస్సులో స్టాపు రాబోయే ముందు ఆవిడ ఇరవై ఏళ్ళుగా చేస్తున్నదే రోడ్డు మీదా చేసింది. రెండో విడత ఇలా నడిచింది.

"వచ్చేది మార్కెట్టు. దిగేవాళ్ళు ముందుకి రావాలి." అతను వేగం తగ్గించేవాడు. "చూసుకుని, చూసుకుని." ఇంకాస్త తగ్గేవాడు. అప్పుడు మెత్తగా, పిల్లల్ని జోకొట్టే గొంతుతో, "హోల్డాన్." అతను స్టాపు బోర్డు నుంచి పక్క స్తంభం దాకా నడిచేవాడు. "రైట్, రైట్" అనగానే ఒకటో గేరు, చిన్న చిన్న అడుగులు. తరవాత రెండు, తరవాత మూడు.

అబ్బ, ఆ పొద్దులు చూడాల్సినవి. పాలవాళ్ళు, పేపరు వాళ్ళు ఆగి చూసేవారు. అతని బస్సులో రోజూ ఎక్కే నర్సొకామె డ్యూటీ దిగి ఇంటికి పోతూ, ఆసుపత్రి స్టాపు నుంచి కోర్టు స్టాపు దాకా వాళ్ళతో కలిసి నడిచేది. ఒక ముసలమ్మ స్కూటరుకి చెయ్యి అడ్డం పెట్టి, ఇది స్టేడియానికి పోతుందా అని అడిగింది. పోతుంది కానీ సీట్లు లేవమ్మా అంది అక్క. దూరం పెరుగుతూ పోయి, వంతెన దాటి అవతలి ఒడ్డు స్టాపుల దాకా చేరింది. పిక్క నోరెత్తలేదు. నడిచినందుకు పరువు పోలేదు సరికదా, నడిచే ఆ కాస్త దూరంలో అతనికి తన రూటు మొదటిసారి కనిపించింది. కోర్టు గోడ మీద పిచ్చుకలు, మిల్లు పక్క సందులో వెల్లవేసిన మెట్లు, ఆసుపత్రి గేటు దగ్గర అద్దంలో తల దువ్వుకునే కాపలావాడు. ఇరవై ఏళ్ళు ఆగిన స్టాపులే, ఎప్పుడూ దిగి చూడలేదు.

పందెం దగ్గరపడ్డాక రెండు కబుర్లు తెలిశాయి. ఒకటి, పందెం దారిలోకి స్కూటర్లని రానివ్వరు. రెండోది ఇంకా పెద్దది. వెనకాల వచ్చే బస్సుకి ఈసారీ హారన్ బాబాయే డ్రైవరు, కండక్టరు డ్యూటీ అక్కకి పడింది.

"ఆ బస్సెక్కనని ఒట్టేసుకున్నానక్కా. ఇప్పుడు నువ్వే నన్ను ఎక్కించుకుంటావా?"

"ఎక్కేవాళ్ళని ఎక్కించుకోవడం నా ఉద్యోగం. ఎక్కకుండా ఉండటం నీ పని. స్టాపులన్నీ నీకు తెలిసినవే. నా గొంతు లేకపోతే నీ గొంతుతో చెప్పుకో."

అలాగే చెప్పుకున్నాడు. పందెం రోజున మిల్లు గేటు నుంచి వంతెన దాకా ఒక్క స్టాపు వదల్లేదు. "వచ్చేది కోర్టు, దిగేవాళ్ళు ముందుకి రావాలి" అని తనలో తను గొణుక్కుంటుంటే, పక్కన పరుగెత్తే కుర్రాళ్ళు ఇతనికి ఎండదెబ్బ తగిలిందేమోనని చూశారు. చాలామంది దాటిపోయారు. పోనీ అనుకున్నాడు, ఆ మాట ఈసారి సరైన చోట వాడాడు. మొదటి ఏడు కూలబడిన చోటు దాటాడు. పిక్క చల్లగా ఉంది.

వచ్చిన చిక్కల్లా అక్కడే వచ్చింది. అవతలి ఒడ్డున నది పక్క రోడ్డు. తిన్నగా, నున్నగా, ఖాళీగా ఉంది. ఎదురుగా చల్లగాలి. డిపో మెకానిక్కులు గోడెక్కి "ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్" అని కేకలు పెట్టారు. ఊపొచ్చింది. ఒక స్టాపు వదిలేశాడు. ఏమీ కాలేదు. ఇంకోటి వదిలేశాడు. ముందు పోయిన వాళ్ళలో ఇద్దర్ని దాటాడు, ముగ్గుర్ని దాటాడు. నీళ్ళ ట్యాంకు స్టాపులో భార్య నీళ్ళ సీసా పట్టుకుని, ఆపమన్నట్టు చెయ్యెత్తి నిలబడి ఉంది. అతను నవ్వుతూ చెయ్యూపి, ఆవిడ ముందు నుంచే రయ్యిమని పోయాడు.

తరవాతి స్టాపు ఇటుకల బట్టీ. అక్కడ పిక్క పట్టేసింది.

సిమెంటు బల్ల మీద కూలబడ్డాడు. రాయి తగల్లేదు, ఉత్త పట్టే, అది అతనికి తెలుస్తూనే ఉంది. కానీ లేవబుద్ధి కాలేదు. తను దాటిన ముగ్గురూ మళ్ళీ తనని దాటిపోయారు. వెనకున్న వాళ్ళంతా ఒక్కొక్కరే పోయారు. కుక్క తోక వంకర అనుకున్నాడు, ఎంత చెప్పినా ఈ బుర్రకి రాదు అనుకున్నాడు. రోడ్డు ఖాళీ అయిపోయింది. దూరం నుంచి హారన్ వినిపించింది.

బస్సొచ్చి బల్ల ముందు ఆగింది. లోపల కాళ్ళు చాపుకుని ఓ ఐదారుగురు కూర్చున్నారు, మిగతా సీట్లన్నీ ఖాళీ. అతను లేచి, తలెత్తకుండా కుంటుతూ వెళ్ళి, తలుపు పక్క కడ్డీ పట్టుకున్నాడు. మెట్టు మీద అక్క అడ్డంగా నిలబడి ఉంది.

"డాక్టరమ్మ చెప్పిన పరీక్ష చేశావా?"

"లేదక్కా."

"చెయ్యి."

అతను ఆ కడ్డీ పట్టుకునే పిక్కని సాగదీశాడు. తరవాత ఎడమ కాలి మీద నిలబడి, మునివేళ్ళ మీద లేచాడు. కాలు వణికింది, కానీ పూర్తిగా లేచింది. ఇంకోసారి లేవమంది అక్క. ఇంకోసారీ లేచింది.

అక్క సంచీలోంచి నీళ్ళ సీసా తీసిచ్చింది. "మీ ఆవిడ ఇచ్చింది. ఆగని బస్సుకి చెయ్యెత్తి నిలబడ్డానని చెప్పమంది."

అతనికి అద్దంలో పరుగెత్తే మనుషులందరూ ఒక్కసారి గుర్తొచ్చారు. చెప్పులు చేతపట్టుకున్నవాళ్ళు, చంటిబిడ్డల తల్లులు, వానలో తడిసినవాళ్ళు. వాళ్ళ పక్కన నీళ్ళ సీసాతో తన భార్య. నిలబడి, గుక్క గుక్కగా, ఆ నీళ్ళన్నీ తాగాడు. సీసా అక్క చేతికిచ్చి, మెట్టు మీద కాలు పెట్టబోయాడు.

"ఎక్కడికి? బస్సు ఫుల్లు. లోపల ఖాళీ లేదు" అంది అక్క.

అతను అక్క భుజం మీదుగా ఖాళీ సీట్ల వైపు చూశాడు.

"వెనక బండికి రా" అంది అక్క, మొహం ఏమాత్రం కదలకుండా.

వెనక బండి లేదని ఊరందరికీ తెలుసు. బస్సులో కాళ్ళు చాపుకున్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒకాయన సంగతి గ్రహించి, కాళ్ళు రెండూ తీసి పక్క సీటు మీద పెట్టుకుని, "అవును, చాలా ఇరుగ్గా ఉంది" అన్నాడు. హారన్ బాబాయి అద్దంలోంచి చూస్తున్నాడు. ఏళ్ళ క్రితం ఇలాగే అద్దంలో చూసి, ఆపకుండా పోయినవాడే.

"రైట్, రైట్" అంది అక్క.

బాబాయి చెయ్యి గేరు మీద పడింది. రోడ్డు మీద ఎక్స్‌ప్రెస్ కాళ్ళూ కదిలాయి. ఒకటో గేరు, చిన్న చిన్న అడుగులు. బస్సు అతని వెనక, పెళ్ళివారి బండిలా, పాక్కుంటూ వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఆ గొంతు అతని వీపుకి వెనకే ఉంది. ఇప్పుడూ అక్కడే ఉంది.

"వచ్చేది పడవల రేవు. దిగేవాళ్ళు ముందుకి రావాలి. చూసుకుని, చూసుకుని. హోల్డాన్."

ఆగాడు, నడిచాడు. రైట్ అంటే కదిలాడు. పడవల రేవు పోయింది, చేపల గిడ్డంగి పోయింది, వంతెన ఎత్తొచ్చింది. రెండో ఏడు పడిపోయింది ఆ ఎత్తు మీదే. "ఎత్తుంది, గేరు దించు" అని బాబాయి కిటికీలోంచి తల బయటపెట్టి చెప్పాడు. దించాడు. సగం ఎత్తులో బస్సులో వాళ్ళు కూడా అక్కతో గొంతు కలిపారు. పట్టేసిన కాళ్ళు, వాచిన మోకాళ్ళు మరిచిపోయి, స్టాపు రాగానే అందరూ ఒకేసారి "హోల్డాన్" అని, అందరూ ఒకేసారి "రైట్, రైట్" అని అరుస్తుంటే, వంతెన మీద చల్లగాలికి వచ్చిన జనం ఇదేం ఊరేగింపని నిలబడి చూశారు. అతనికి ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, రెండూ కలిసి వచ్చాయి. పిక్క మాత్రం మౌనంగా తన పని తను చేసుకుపోయింది.

స్టేడియం గేటు సగం మూశారు. కాపలావాడు బస్సు హారన్ విని మళ్ళీ తెరిచాడు. ఆ రోజు బాబాయి కొట్టినంత హారన్ ఇంకెప్పుడూ కొట్టలేదు, దానికి డిపో నుంచి మెమో వచ్చినా ఆయన లెక్కచెయ్యలేదు. నేల మీద తెల్ల గీత దగ్గరికొస్తుంటే అతని కాళ్ళు ఊపందుకోబోయాయి.

"వచ్చేది ఆఖరి స్టాపు. తొందరపడొద్దు" అంది అక్క.

తొందరపడలేదు. అందరి కన్నా ఆఖరున, కుంటకుండా, నిదానంగా గీత దాటాడు. దాటాక "హోల్డాన్" వినిపించేదాకా ఆగలేదు.

సందు దారిన స్కూటరు మీద ముందే వచ్చి నిలబడ్డ భార్య ఎదురొచ్చింది. ఆవిడ ఏమీ అనకముందే అతనే అన్నాడు.

"నీ స్టాపులో ఆగలేదు. తప్పైపోయింది."

"నీళ్ళు తాగారా?"

"నిలబడి తాగాను."

"అయితే సరే" అని ఆవిడ కొంగుతో అతని మొహం తుడిచింది. తుడుస్తూ తన కళ్ళు కూడా తుడుచుకుంది.

మెళ్ళో పతకం వేశారు, అరటిపండు చేతికిచ్చారు, ఫొటో తీశారు. ఇక డిపోకి వెళ్ళాలి. స్కూటరు కాపలావాడికి అప్పజెప్పారు, మిగిలింది ఆ ఒక్క బస్సే. ఎక్కనని ఒట్టేసుకున్న బస్సు. అతను భార్య భుజం మీద చెయ్యేసి, మెట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు. అక్క తలుపు దగ్గరే ఉంది.

"లోపల ఖాళీ ఉందా అక్కా?"

అక్క వెనక్కి తిరిగి బస్సంతా ఓసారి చూసింది.

"ముందుకు జరిగితే బోలెడంత" అని చెయ్యందించి ఇద్దర్నీ పైకి లాగి, కడ్డీ మీద రెండుసార్లు కొట్టి చెప్పింది. "రైట్, రైట్."